బాల్ పైథాన్ పెట్టెను సరిదిద్దడం, ఆరోగ్యం చూసుకోవడం: ఏ పని ముందు, ఏది తర్వాత

"కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది." "రెండు నెలలుగా ఎలుకను ముట్టడం లేదు." "ఊపిరి తీస్తుంటే గురగుర వినిపిస్తోంది." బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువను పెంచుతున్న తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి ఈ మూడే. మూడింటికీ నా ఎదురు ప్రశ్న ఒక్కటే: పెట్టెలో వెచ్చని వైపు నేల మీద వేడి ఎంత, చల్లని వైపు ఎంత, తేమ ఎంత? చాలామంది దగ్గర ఆ అంకెలు ఉండవు.

పాము ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా, కుబుసం నిండుగా విడవాలన్నా మనం అమర్చిన వేడి, తేమలే దానికి దిక్కు. అందుకే ఇక్కడ మందుల కంటే ముందు పెట్టె గురించి చెబుతున్నాను. దయచేసి వరుస మార్చకండి.

1. ముందుగా చట్టం

భారతదేశంలో ఉన్నవారు ఇది తప్పక చదవాలి. నాగుపాము, జెర్రిపోతు, మన అడవి కొండచిలువ, రెండు తలల పాము అని పిలిచే ఇసుక పాము, వీటిలో దేన్నీ ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పెరట్లో దొరికిన పిల్ల అయినా సరే, అటవీశాఖకు అప్పగించాల్సిందే.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా జాతి. వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022 చట్ట సవరణ, 2024 నమోదు నియమాల ప్రకారం ఇలాంటి విదేశీ జాతులను కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా అమ్మే పామును కొనకండి.

అమెరికాలో ఉన్నవారు రాష్ట్ర చట్టంతో ఆగకుండా నగర నిబంధనలు, అద్దె ఒప్పందం కూడా చూసుకోవాలి.

2. మొదటి వారం ఏదీ మార్చకండి, కొలవండి

కంగారులో దీపం, పరుపు (పెట్టె అడుగున పరిచే పొట్టు), పెట్టె ఒకేసారి మార్చేస్తే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల కీడు జరిగిందో తెలియదు. పైగా పాముకు పరిచితమైన వాసనలన్నీ ఒక్కరోజులో పోతే అది ఇంకా ముడుచుకుపోతుంది.

ఇవి దగ్గర పెట్టుకోండి:

☐ తీగ చివర సెన్సర్ ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి
☐ తేమ కొలిచే డిజిటల్ మీటరు (అద్దానికి అతికించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకండి)
☐ నేల వేడి చూడటానికి థర్మామీటర్ గన్
☐ గ్రాములు చూపే వంటింటి తూకం, మూత ఉన్న డబ్బా (ఇవి పాము కోసమే ఉండాలి, వంటకు వాడకూడదు)
☐ ఒక నోటుపుస్తకం

ఏడు రోజుల పాటు ఉదయం, సాయంత్రం రెండు వైపుల వేడి, తేమ రాయండి. వారానికి ఒకసారి బరువు తూచండి. కుబుసం విడిచిన తేదీ, తిన్న తేదీ, మలం వచ్చిన తేదీ అందులోనే రాయండి. రేపు వైద్యుడి దగ్గరకు వెళ్ళాల్సి వస్తే ఈ పుస్తకమే సగం పని చేస్తుంది.

3. పెట్టె ఎంత ఉండాలి

పెద్ద పాముకు నాలుగు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్న పెట్టెలో వెచ్చని మూలకూ, చల్లని మూలకూ తేడా నిలవదు. పిల్ల పాముకూ పెద్ద పెట్టె ఇవ్వవచ్చు. "పెద్ద పెట్టెలో పిల్ల బెదిరిపోతుంది" అంటారు కానీ దాన్ని బెదరగొట్టేది ఖాళీ స్థలం. ఆకులు, బెరళ్ళు, కొమ్మలతో నింపితే పిల్ల హాయిగా తిరుగుతుంది.

పైన జాలీ మూత ఉన్న అద్దాల ట్యాంకు అయితే తేమంతా పైకి పోతుంది. దీపం ఉన్న భాగాన్ని వదిలి, జాలీలో మూడింట రెండు వంతులను బయటి నుంచి అల్యూమినియం ఫాయిల్‌తో కప్పండి. మూడు వైపుల అద్దాలకు బయట నల్లని కాగితం అంటించండి.

పెట్టె లోపల మాత్రం ఎక్కడా జిగురు టేపు వాడకండి. టేపు ఊడి పాము ఒంటికి చుట్టుకుంటే పొలుసులు, చర్మం లేచివస్తాయి. పొరపాటున అంటుకుంటే లాగకుండా వంటనూనె రాసి, కొంచెం కొంచెంగా వదిలించండి.

4. వేడి: అన్నిటికంటే ముందు థర్మోస్టాట్

ఉండాల్సిన అంకెలివి:

☐ వెచ్చని వైపు పాము దాక్కునే గూటిలో నేల: 31–33 డిగ్రీల సెల్సియస్ (88–92 ఫారెన్‌హీట్)
☐ చల్లని వైపు: 25–27 డిగ్రీలు (77–80 ఫారెన్‌హీట్)
☐ రాత్రి చల్లని వైపు: 22–24 దాకా దిగినా ఫరవాలేదు

థర్మోస్టాట్ అంటే సెన్సర్‌తో వేడిని కొలుస్తూ, మనం పెట్టిన అంకె దాటకుండా హీటరును అదుపు చేసే పరికరం. అది లేకుండా ఏ వేడి పరికరాన్నీ ప్లగ్గులో పెట్టకండి. ఈ విషయంలో మినహాయింపు లేదు. వేడెక్కే రాళ్ళను అసలు కొనకండి. అవి ఒకచోట చల్లగా, మరోచోట కాలిపోయేంత వేడిగా ఉంటాయి. పొట్ట కాలుతున్నా పాము అక్కడి నుంచి కదలకపోవచ్చు.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. మా పాము చుక్కి వచ్చిన మొదటి ఏడాది ట్యాంకు కింద వేడి మ్యాటు పెట్టి, థర్మోస్టాట్ సెన్సర్‌ను లోపల పరుపు మీద వదిలేశాను. రాత్రి అది తవ్వుకుంటూ పోయి సెన్సర్‌ను చల్లని వైపు నీళ్ళ గిన్నె పక్కకు నెట్టేసింది. సెన్సర్‌కు చలి తగులుతుంటే థర్మోస్టాట్ మ్యాటును కాల్చుతూనే ఉంది. తెల్లారి చూస్తే పొట్ట మీద అరచేయంత మేర పొలుసులు గోధుమరంగుకు తిరిగి, అంచులు లేచి ఉన్నాయి. మందుతో పుండు మానింది కానీ ఆ మచ్చ పోవడానికి మూడు కుబుసాలు పట్టింది. ఆ తప్పు పూర్తిగా నాదే.

అందుకని ఇలా చేయండి:

మ్యాటు వాడితే సెన్సర్‌ను మ్యాటుకూ, అద్దానికీ మధ్య, బయటి వైపు బిగించండి. పాము అందుకోలేదు, నీళ్ళూ పడవు. మ్యాటు ఉన్నచోట పరుపు మందంగా వేస్తే వేడి పైకి రాదు. పాము అడుగుదాకా తవ్వుకుంటే మాత్రం వేడి నేరుగా తగులుతుంది. కాబట్టి గన్‌తో చూసేటప్పుడు పరుపు పక్కకు తీసి, అడుగు అద్దం వేడి చూడండి.

మందమైన పరుపు కావాలంటే పైనుంచి వేడి ఇవ్వడం మేలు. పగలు హాలోజన్ దీపం, రాత్రి అవసరమైతే వెలుగు లేని సిరామిక్ హీటరు పెట్టండి. హాలోజన్‌కు వెలుగును తగ్గించి పెంచే రకం థర్మోస్టాట్ కావాలి. ఆపి వెలిగించే రకం పెడితే దీపం రోజంతా మిణుకుమంటుంది. దీపం పెట్టె లోపల ఉంటే దాని చుట్టూ తీగల పంజరం తప్పనిసరి, ఎందుకంటే పాము దీపానికి చుట్టుకుంటుంది.

రాత్రిపూట ఎర్ర, నీలి దీపాలు వద్దు. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి చాలు. అతినీలలోహిత దీపం మంచిదే కానీ తప్పనిసరి కాదు. ఉన్న డబ్బు ముందు థర్మోస్టాట్ మీద పెట్టండి.

హైదరాబాద్, విజయవాడ ఎండాకాలంలో సమస్య తిరగబడుతుంది. గది 38 డిగ్రీలు ఉంటే పెట్టెలో చల్లని వైపు అనేదే ఉండదు. చల్లని వైపు 30 దాటితే హీటర్లు ఆపి, పెట్టెను ఏసీ గదిలోకి మార్చండి. గాలి నేరుగా తగలనివ్వకండి.

5. తేమ, పరుపు

మామూలు రోజుల్లో తేమ 60–70 శాతం ఉండాలి. కుబుసం వేళ 80 దాకా పెరగవచ్చు. తేమ పైనుంచి చిలకరించే నీళ్ళతో నిలవదు, పరుపు అడుగున దాచిన నీళ్ళతో నిలుస్తుంది. గంటకోసారి చిలకరిస్తే మీటరు పైకి లేచి మళ్ళీ పడిపోతుంది. ఆలోగా పై పరుపు తడిసి, పొట్ట పొలుసులు కుళ్ళడం మొదలవుతుంది.

పరుపు ఇలా వేయండి:

మొక్కల దుకాణాల్లో దొరికే కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి, పిండి, పొడిపొడిగా విదపండి. ఎరువు కలిపిన రకం వద్దు. దాన్ని ఒంటరిగా వాడితే పైపొర ఎండి దుమ్ము లేస్తుంది, అందుకే కొబ్బరి పీచు ముక్కలు కలపండి. మొత్తం మూడు నాలుగు అంగుళాల మందం ఉండాలి. పైన శుభ్రం చేసిన ఎండుటాకులు పరచండి. దేవదారు, పైన్ పొట్టు మాత్రం వాడకండి. వాటి ఘాటు నూనెలు పాము ఊపిరితిత్తులకు పడవు.

తర్వాత నాలుగు మూలల్లో గ్లాసుడు చొప్పున నీళ్ళు నేరుగా పరుపు అడుగుకు పోయండి. పిడికెడు పరుపు తీసి నొక్కితే ఉండ కట్టాలి, కానీ వేళ్ళ మధ్య నుంచి చుక్క కారకూడదు. పైపొర చేతికి పొడిగా తగలాలి. మూలల్లో మళ్ళీ ఎప్పుడు పోయాలో మీటరే చెబుతుంది.

గాలి రంధ్రాలన్నీ మూసి తేమ పెంచకండి. గాలి ఆడని తేమ బూజును తెస్తుంది.

6. దాక్కునే గూళ్ళు

ఒకే గూడు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అది వెచ్చని వైపే ఉంటే, ఒళ్ళు వేడెక్కినా భయంతో పాము బయటకు రాదు. అచ్చం ఒకే రకం గూళ్ళు రెండు కొని చెరోవైపు పెట్టండి.

గూడు ఇరుకుగా ఉండాలి. చుట్ట చుట్టుకున్న పాము వీపు, పక్కలు గోడలకు తగలాలి. దారి ఒక్కటే ఉండాలి. బోర్లించిన ప్లాస్టిక్ గిన్నెకు దారి కోసి, అంచులు నున్నగా అరగదీసినా సరిపోతుంది. బరువైన రాయి పెడితే దాన్ని పరుపు మీద కాకుండా పెట్టె అడుగుకు ఆనించి నిలపండి. పాము కింద తవ్వితే కూలకూడదు.

నీళ్ళ గిన్నె చల్లని వైపు ఉంచండి, రోజూ నీళ్ళు మార్చండి.

7. తిండి

ఎలుక మందం పాము ఒంటిలో అతి లావైన చోటుకు సమానంగా ఉండాలి. పిల్లలకు వారానికి ఒకటి, అర కిలో దాటాక 10–14 రోజులకు ఒకటి, ఎదిగిన పాముకు మూడు నుంచి ఐదు వారాలకు ఒకటి. తరచుగా పెడితే త్వరగా పెరుగుతుందన్న ఆశతో పెద్ద పామును కొవ్వు పట్టించకండి. తోక మొదట్లో ఉబ్బు, వంగినప్పుడు చర్మంలో మడతలు కనిపిస్తే తిండి ఎక్కువైనట్టే.

గడ్డకట్టిన ఎలుకను ఈ వరుసలో సిద్ధం చేయండి:

☐ ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి తీసి, మూత డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి
☐ మర్నాడు సాయంత్రం ప్లాస్టిక్ సంచిలో వేసి గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి
☐ పొట్ట నొక్కి చూడండి, లోపల గట్టిగా ఉండకూడదు
☐ చివర్లో వేడి నీళ్ళలో ముంచి, తల భాగం 38–40 డిగ్రీలకు తెండి
☐ తుడిచి, పొడవాటి పట్టకారుతో చీకటి పడ్డాక అందించండి

మైక్రోవేవ్ వద్దు. ఎలుక లోపల ఉడికిపోతుంది, ఒక్కోసారి పగులుతుంది. బతికున్న ఎలుకను వదిలి వెళ్ళకండి. ఆకలి లేని పామును ఎలుకే కొరికి చంపిన సందర్భాలున్నాయి. తిన్నాక 48 గంటలు పామును ఎత్తుకోకండి.

తినకపోతే ఏం చేయాలి? ముందు 4, 5, 6 అంశాల్లోని అంకెలు మళ్ళీ చూడండి. తర్వాత ఏడు రోజులు నీళ్ళు మార్చడం తప్ప పెట్టెను ముట్టుకోకండి. ఎనిమిదో రోజు రాత్రి ఒక్కసారి పెట్టి చూడండి. ముట్టకపోతే తీసేసి, మళ్ళీ పది రోజుల తర్వాతే పెట్టండి. రోజూ ఎలుకను ముక్కు ముందు ఆడిస్తే అది ఇంకా బెదురుతుంది.

ఎదిగిన బాల్ పైథాన్లు, ముఖ్యంగా మగవి, జతకట్టే కాలంలో నెలల తరబడి తినకపోవడం మామూలే. అప్పుడు నమ్మాల్సింది తూకాన్నే. బరువు నిలకడగా ఉంటే ఓపిక పట్టండి. పదో వంతు తగ్గితే వైద్యుడికి చూపించండి. తిన్నది కక్కేస్తే రెండు వారాలు ఏమీ పెట్టకుండా నీళ్ళు మాత్రమే ఉంచండి. తర్వాత మామూలు కంటే సగం సైజు ఎలుకతో మొదలుపెట్టండి. రెండోసారీ కక్కితే ఇక ఇంట్లో ప్రయత్నాలు ఆపండి.

నాగుల చవితికి ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు పాలు పెడతామంటే నచ్చజెప్పండి. పాలు పాముకు అరగవు. ఆ రోజు గిన్నెలో మంచినీళ్ళు మార్చే పని వాళ్ళ చేతే చేయించండి, వాళ్ళకూ తృప్తిగా ఉంటుంది.

8. కుబుసం

కళ్ళు పాలనీలంగా మారి, ఒళ్ళు మసకబారి, పొట్ట గులాబీ రంగుకు తిరిగితే కుబుసం దగ్గర పడినట్టు. కొద్ది రోజులకు కళ్ళు మళ్ళీ తేటపడతాయి. ఆ తర్వాత వారంలోపు విడుస్తుంది. ఈ రోజుల్లో తేమ పెంచండి, తడిపి పిండిన నాచు వేసిన గూడు ఒకటి అదనంగా పెట్టండి, పామును ఎత్తుకోకండి. తిండి ముట్టకపోయినా కలవరపడకండి.

విడిచిన కుబుసాన్ని పారేయకుండా గోరువెచ్చని నీళ్ళలో తడిపి, తల భాగాన్ని వేళ్ళ మీద పరిచి దీపానికి ఎదురుగా పట్టుకోండి. కళ్ళున్న చోట గాజుబిళ్ళల్లా రెండు ఉబ్బెత్తు పొరలు మెరవాలి. పాముకు రెప్పలుండవు, ఆ పొరలే కళ్ళను కాపాడతాయి, కుబుసంతో పాటు ఊడివస్తాయి. బిళ్ళ బదులు రంధ్రం ఉంటే, పాత పొర కంటి మీదే ఉండిపోయి ఉండవచ్చు. కుబుసం మడతపడి ఉంటే విప్పి మళ్ళీ చూడండి. చివర్లో తోక కొన కూడా మూసుకుని ఉందో లేదో చూడండి.

ముక్కలు మిగిలితే: గాలి రంధ్రాలున్న డబ్బాలో గోరువెచ్చని తడి తువ్వాలు వేసి, పామును అందులో అరగంట నుంచి గంట వరకు ఉంచండి. డబ్బా ఉన్నచోట 28 డిగ్రీలు ఉండాలి. తర్వాత తడి తువ్వాలు మడతల మధ్య నుంచి పాకనివ్వండి. పొర దానంతట అదే చుట్టుకుని వస్తుంది. పొడి చర్మాన్ని గోటితో ఒలవకండి.

కంటి పొరను పట్టకారుతో లాగడం అస్సలు వద్దు, కన్నే పోతుంది. తేమ సరిచేసి వచ్చే కుబుసం దాకా ఆగండి. అప్పుడూ రాకపోతే వైద్యుడు తీస్తారు. తోక కొన మీద బిగిసిన పొరను మాత్రం అశ్రద్ధ చేయకండి. అది దారంలా నొక్కి రక్తం ఆపేస్తుంది, కొన ఎండి రాలిపోతుంది.

9. జబ్బులు: ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు బయలుదేరాలి

ఊపిరితిత్తుల వ్యాధి. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, నోట్లో జిగురు, తల పైకెత్తి పెట్టడం దీని గుర్తులు. కుబుసం ముందు వచ్చే చిన్న ఈల శబ్దం కుబుసంతో పోతుంది. పోకపోతే, లేదా పై గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి. చల్లని వైపు వేడిని 27కు తెచ్చి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. ఆవిరి పట్టడం, పసుపు నీళ్ళు, మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు వద్దు.

మైట్లు. ఆవగింజ కంటే చిన్న నల్లని పురుగులు. పాము రోజంతా నీళ్ళ గిన్నెలో ముణిగి ఉంటే గడ్డం కింది గాడిలో, కళ్ళ చుట్టూ చూడండి. తెల్లని తడి కాగితంతో ఒళ్ళు తుడిస్తే కాగితం మీద కదులుతాయి. అవి గుడ్లు పెట్టేది పాము మీద కాదు, పెట్టె మూలల్లో, పగుళ్ళలో. అందుకే పామును మాత్రమే కడిగితే పది రోజుల్లో మళ్ళీ వస్తాయి.

పరుపంతా సంచిలో మూటకట్టి బయట పారేయండి. చెక్క కొమ్మలు కూడా తీసేయండి. పెట్టెను వేడి నీళ్ళతో కడిగి, తెల్ల కాగితం పరచి, రెండు గూళ్ళు, నీళ్ళ గిన్నె మాత్రమే ఉంచండి. కాగితం రోజూ మార్చండి. మందు వైద్యుడిని అడిగే వాడండి. కుక్కల పిడుదుల మందు కొలత తెలియకుండా చల్లితే పాము చనిపోవచ్చు. చివరి పురుగు కనిపించాక కూడా కనీసం నెల రోజులు ఈ పద్ధతి ఆపకండి.

పొట్ట ఎరుపు. ఒళ్ళంతా సమానంగా గులాబీ రంగు ఉంటే కుబుసం సూచన. మచ్చలు మచ్చలుగా ఎరుపు, గోధుమరంగు, నీటి పొక్కులు ఉంటే కాలిన గాయమో, పొలుసుల కుళ్ళో అయి ఉంటుంది. పరుపు తీసి పొడి కాగితం వేసి, వేడి పరికరాన్ని కొలిచి, వైద్యుడికి చూపించండి.

నోటి పుండు. చిగుళ్ళు ఎర్రబడి, పెరుగు తరకల్లాంటి తెల్లని పదార్థం కనిపిస్తుంది. దీనికీ ఇంటి వైద్యం లేదు.

తల తిరగడం, వెల్లకిలా పడి తిప్పుకోలేకపోవడం. వెంటనే మిగతా పాముల నుంచి వేరుచేయండి. కొండచిలువలకు, బోవాలకు వైరస్ వల్ల వచ్చే ఒక వ్యాధికి ఈ గుర్తులుంటాయి, దానికి మందు లేదు. స్పైడర్ అనే రంగు రకంలో పుట్టుకతోనే తల ఊగే లోపం ఉంటుంది. మీ పాము ఏ రకమో వైద్యుడికి ముందే చెప్పండి. నా మాటగా, ఆ రకాన్ని కొనవద్దు.

కొత్తగా వచ్చిన ఏ పామునైనా 90 రోజులు వేరే గదిలో, వేరే పట్టకారుతో, వేరే గిన్నెతో చూసుకోండి. ముందు పాత పాము పని పూర్తిచేశాకే కొత్తదాన్ని ముట్టుకోండి. రెండు పాములను ఒకే పెట్టెలో ఎప్పుడూ ఉంచకండి.

కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే డాక్టరు కాకుండా సరీసృపాలు చూసే డాక్టరు ఎవరో పాము ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కోండి.

10. శుభ్రత

మలం కనిపించిన రోజే చుట్టూ ఉన్న పరుపుతో సహా తీసేయండి. మూడు నాలుగు నెలలకోసారి పరుపంతా మార్చండి. ఖాళీ పెట్టెను ఒక పాలు బ్లీచుకు పది పాళ్ళ నీళ్ళు కలిపి తుడిచి, పది నిమిషాలు ఆగి, బాగా కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టండి.

మన ఇళ్ళలో వాడే నల్ల ఫినాయిల్ పాములకు విషం. పెట్టె తుడవడానికే కాదు, పెట్టె ఉన్న గది నేలకూ వద్దు. ఆ గదిలో దోమల మందు, సాంబ్రాణి పొగ, కలరా ఉండలు కూడా ఉంచకండి.

పామును, దాని గిన్నెను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. పాము ఆరోగ్యంగా ఉన్నా దాని మీద మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి పామును ఇవ్వకండి. గిన్నెలు వంటింటి సింకులో కడగకండి.

11. కరెంటు పోయినప్పుడు, ఊరికి వెళ్ళేటప్పుడు

మేముండేది టెక్సస్‌లో. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు పనికొచ్చిన పద్ధతి ఇది: పామును మెత్తని దిండుగలీబులో వేసి ముడి వేయండి. థర్మోకోల్ పెట్టెకు గాలి రంధ్రాలు చేసి, వేడి నీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి ఒక మూల పెట్టండి. గలీబును రెండో మూల ఉంచండి. లోపల 25 డిగ్రీలు ఉంటే చాలు. సీసా చల్లబడ్డాక మార్చండి. తుపాను వస్తుందని తెలిస్తే ఆ వారం ఎలుక పెట్టకండి. చలిలో తిన్నది అరగక లోపలే కుళ్ళుతుంది.

మూడు నాలుగు వారాలకు ఊరికి వెళ్తుంటే ఎదిగిన పాముకు తిండి గురించి బెంగ అక్కర్లేదు. ప్రయాణానికి వారం ముందు చివరి భోజనం పెట్టండి. నీళ్ళు మాత్రం ఎవరో ఒకరు చూడాలి. వాళ్ళ కోసం పెట్టె మీద ఈ కాగితం అంటించి వెళ్ళండి:

☐ రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాలి
☐ రెండు థర్మామీటర్లు, తేమ మీటరు ఫొటో తీసి పంపాలి
☐ వెచ్చని వైపు 34 దాటితే హీటరు ప్లగ్గు తీసి ఫోను చేయాలి
☐ ఎలుక పెట్టకూడదు, పామును ఎత్తుకోకూడదు
☐ మూత గొళ్ళెం రెండు వైపులా పడిందో లేదో లాగి చూడాలి
☐ సరీసృపాల డాక్టరు ఫోను నంబరు, క్లినిక్ చిరునామా